కిరీటం దించి కుళ్ళాయి పెడదాం: మధుర మహలులో మన వేషాల గురించి ఒక మాట

మధురలో తిరుమల నాయకుడి మహలు చూడని తెలుగు ఇల్లు మన వైపు ఉండదు. పెళ్ళికో పేరంటానికో చుట్టాలు వస్తే పొద్దున మీనాక్షమ్మ గుడి, సాయంత్రం మహలు. ఇద్దరు ముగ్గురు చేతులు చాపి పట్టుకున్నా అందని ఆ లావు స్తంభాల కింద నిలబడి, "ఇది మన తెలుగు నాయకులు కట్టించింది" అని పిల్లలకు చూపిస్తాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు, తాము ఈ ఊళ్ళో ఎవరమో చెప్పుకోవడానికి అదొక్కటే పెద్ద ఆనవాలు.

అందుకే ఆ మహలులో చారిత్రక వేషాల ప్రదర్శన అంటే మన ఇళ్ళల్లో సందడే. మొన్నామధ్య అలాంటిదే ఒకటి జరిగింది. మా ఇంటి పిల్లలూ అందులో ఉన్నారు. రాజులందరికీ ఎర్ర ముఖమల్ కోటు, బంగారు కాగితం అతికించిన థర్మాకోల్ కిరీటం, కాటుకతో దిద్దిన మీసం, అట్ట కత్తి. రాణులకు టీవీ సీరియల్ నగలు, మెరుపుల చీర. మైకులో "తిరుమల నాయకుడు" అని పిలిచారు కాబట్టి ఆ పిల్లవాడు తిరుమల నాయకుడు. పేరు మార్చి రాజరాజ చోళుడు అన్నా, అక్బరు అన్నా కాదనడానికి ఏ ఆధారమూ లేదు.

పిల్లల మీద మాకు ఫిర్యాదు లేదు, ముద్దుగానే ఉన్నారు. కష్టపడి ఏర్పాటు చేసినవాళ్ళ మీదా లేదు. మా బాధ వేరే. అసలు ఆ రాజులు ఏం కట్టుకున్నారో తెలుసుకోవడానికి ప్రపంచంలో ఏ ఊరికీ లేనంత సులువు మధురకు ఉంది. మహలు నుంచి పదిహేను ఇరవై నిమిషాలు నడిస్తే చాలు, రాళ్ళలో నిలబడి ఉన్నారు. వాళ్ళను ఒక్కసారి చూసి రాకుండా బాడుగ దుకాణానికి పోయి ముఖమల్ కోటు తెచ్చుకుంటున్నాం.

మీనాక్షమ్మ గుడి తూర్పు గోపురానికి ఎదురుగా ఉన్న పుదు మండపం సంగతి చెప్తున్నాం. తిరుమల నాయకుడు కట్టించిందే అది కూడా. నడిమి స్తంభాలకు మధుర నాయకుల నిలువెత్తు విగ్రహాలు ఉన్నాయి, విశ్వనాథ నాయకుడు మొదలు తిరుమల నాయకుడి దాకా. వాళ్ళ రాణులూ పక్కనే ఉన్నారు. తిరుమల నాయకుడు 1623 నుంచి 1659 దాకా ఏలినవాడు. తాను బతికి ఉండగానే తన రూపాన్ని తానే చెక్కించుకుని పోయాడు. దీనికంటే గట్టి సాక్ష్యం ఎవరు ఇస్తారు?

ఆ విగ్రహం దగ్గర కాసేపు నిలబడండి. పైఒంటి మీద కోటు లేదు. నిండుగా కనిపించే బొజ్జ. మెడలో హారాలు, చేతులకు కడియాలు, నడుముకు సన్నటి మడతల పంచె, దాని మీద బిగించిన దట్టీ, అందులో దోపిన బాకు. తల మీద కిరీటం లేదు. రెండు చేతులూ జోడించి గుడి వైపు దండం పెడుతూ ఉన్నాడు. రాణుల సిగ పక్కకు ఒరిగి పెద్ద ముడిగా ఉంటుంది. చీర కుచ్చిళ్ళు ముందుకు జారుతుంటాయి. ఏ సీరియల్లోనూ మనం చూడని రాజు, చూడని రాణి వీళ్ళు.

ఆ మండపానికి ఇంకో విశేషం ఉంది. చాలా ఏళ్ళు అది దర్జీల మండపం. రాజుల విగ్రహాల కాళ్ళ దగ్గర కుట్టు మిషన్లు వరసగా నడిచేవి. చిత్తిరై తిరువిళాలో అళగర్ కోసం మొక్కుకున్నవాళ్ళు వేసుకునే దుస్తులు, స్వామి వారి వస్త్రాలు, గొడుగులు, తోరణాలు అక్కడే కుట్టేవాళ్ళు. వాళ్ళల్లో ముస్లిం కుటుంబాలవాళ్ళు కూడా ఉన్నారు. ఇప్పుడు ఆ అంగళ్ళను కున్నత్తూర్ చత్రానికి మార్చారు. వేషం కుట్టేవాడు, వేషానికి నమూనా ఇన్నేళ్ళూ ఒకే కప్పు కింద ఉన్నారన్నమాట. మనలో ఎవరూ ఆ దర్జీతో "పైన ఉన్నాడే ఆ రాజు, ఆయన కట్టుకున్నట్టే కుట్టి పెట్టయ్యా" అని అడిగినట్టు లేదు.

ఇక కిరీటం సంగతి. మధురలో కిరీటం ఎవరిదో ఊళ్ళో పుట్టిన ఎవరిని అడిగినా చెప్తారు. చిత్తిరైలో మీనాక్షమ్మకు పట్టాభిషేకం జరుగుతుంది. కిరీటం పెట్టి, రాజదండం ఆవిడ చేతికి ఇస్తారు. ఆ రోజు నుంచి ఆవణి దాకా ఊరిని ఏలేది అమ్మవారు, తరువాత సుందరేశ్వరుడు. మాసి నెలలో జరిగే అమ్మవారి పెళ్ళిని చిత్తిరైకి మార్చి, అళగర్ ఉత్సవంతో కలిపింది తిరుమల నాయకుడే అని ఊరంతా చెప్పుకుంటుంది. ఆయన తనను తాను కిరీటం లేకుండా, చేతులు జోడించినట్టు చెక్కించుకున్నాడంటే అందులో ఒక అర్థం ఉంది. ఈ ఊరి రాణి ఆవిడ, నేను ఆవిడ తరఫున చూసుకునేవాణ్ణి అని. మనం బంగారు కాగితం కిరీటం పెట్టిన క్షణంలో ఆ అర్థం పోతుంది. రాజు గొప్పవాడయ్యాడని మనం అనుకుంటాం కానీ, ఆయన చెప్పదలుచుకున్న మాటనే చెరిపేశాం.

మరి తల మీద ఏం పెట్టాలి అంటే, కుళ్ళాయి. మనలో తిరుపతి కొండకు పోనివాళ్ళు తక్కువ. గుడిలోకి అడుగు పెట్టగానే శ్రీకృష్ణదేవరాయల విగ్రహం, ఇటూ అటూ తిరుమలదేవి, చిన్నాదేవి కనిపిస్తారు. రాయల తల మీద పొడుగ్గా, మొన తేలిన టోపీ ఉంటుంది చూడండి, అదే కుళ్ళాయి. లేపాక్షి గుడి కప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మల్లో వరసగా నిలబడ్డ పెద్దమనుషుల తలల మీద ఉన్నదీ అదే. కుళ్ళాయి అన్న మాట పారశీకం నుంచి వచ్చింది. దానితోపాటు విజయనగరం కొలువులో తొడుక్కున్న పొడుగు చొక్కాను కబాయి అన్నారు, ఆ మాట అరబ్బీ నుంచి వచ్చింది. కర్ణాట రాజు కొలువుకు పోయిన శ్రీనాథుడు తనకు అలవాటు లేని ఈ టోపీ, చొక్కా తొడగాల్సి వచ్చిందని విసుక్కున్నట్టు ఆయన పేరు మీద ఒక చాటువు కూడా ప్రచారంలో ఉంది. అంటే కొలువుకు పోవడానికి ఒక దుస్తు, గుడికి పోవడానికి ఒక దుస్తు. కొలువులో కుళ్ళాయి, కబాయి. దేవుడి ముందు పైఒంటి మీద బట్ట లేకుండా పంచె, దట్టీ. ఈ ఒక్క తేడా పిల్లలకు చూపిస్తే చాలు, పుస్తకంలో పది పేజీలు చదివినంత.

మధుర నాయకులు ఆ విజయనగరం కొలువు నుంచి వచ్చినవాళ్ళే. 1529లో విశ్వనాథ నాయకుడితో ఈ పాలన మొదలైందని లెక్క. అక్కడి అలవాట్లు ఇక్కడికి తెచ్చారు, ఇక్కడి అలవాట్లు నేర్చుకున్నారు. మీనాక్షమ్మ గుడిలో ఊంజల్ మండపం కప్పు మీద రాణి మంగమ్మ కాలం నాటి బొమ్మలు ఉన్నాయి. అమ్మవారి పెళ్ళి బొమ్మలో మంగమ్మ, ఆవిడ మనవడు విజయరంగ చొక్కనాథుడు కూడా నిలబడి ఉంటారు. ఆ బొమ్మల కింద పేర్లు తమిళంలోనూ తెలుగులోనూ రాశారు. శ్రీరంగం గుడిలో విజయరంగ చొక్కనాథుడి కుటుంబం బొమ్మలు కూడా మనిషెత్తున ఉన్నాయి. 1623లో ఎలా కట్టుకున్నారు, 1700 దాటాక ఎలా మారింది అని పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు మనకు ఉంది.

ఇంత ఉండగా మన కళ్ళకు సినిమా ఎందుకు అడ్డం వస్తుంది? కట్టబొమ్మన సంగతి చూడండి. పాంచాలంకురిచ్చి పాళెగాడు, ఇంట్లో తెలుగు మాట్లాడిన రాజకంబళం నాయకర్ల బిడ్డ. 1799లో కయత్తారులో ఆయన్ను తెల్లవాళ్ళు ఉరి తీశారు. 1959లో శివాజీ గణేశన్ సినిమా వచ్చింది. గొప్ప సినిమా, మా ఇంట్లో పెద్దవాళ్ళకు అందులో మాటలన్నీ నోటికి వచ్చు. కానీ ఆ తరువాత తమిళనాడులో ఏ బడిలో కట్టబొమ్మన వేషం కట్టినా అది శివాజీ వేషమే. ఆయన మీసం, ఆయన తలపాగా, ఆయన మెరుపులు. కట్టబొమ్మన కులంవాళ్ళు ఇప్పటికీ ఆడే దేవరాట్టంలో చేతుల్లో రుమాళ్ళు, కాళ్ళకు గజ్జెలు, తలకు గుడ్డ, నడుముకు పంచె ఉంటాయి. ఆ మనుషులకు ఏది దగ్గరో ఆలోచించండి. ఒకటి స్టూడియోలో పుట్టింది, ఇంకొకటి తరం నుంచి తరానికి ఒంటి మీదే వచ్చింది.

మాకు ఇంకో ఫిర్యాదు కూడా ఉంది, అది కొంచెం గట్టిది. ఈ ప్రదర్శనల్లో అందరూ రాజులూ రాణులే. మంత్రి ఒకడు, దండనాయకుడు ఒకడు ఉంటే ఎక్కువ. మరి మనం ఎవరం? నాయకుల వెంట వచ్చిన తెలుగువాళ్ళు అందరూ సింహాసనం మీద కూర్చోలేదు. సిపాయిలుగా వచ్చారు. నల్లరేగడి నేల దున్నుకోవడానికి కమ్మవారు, రెడ్లు వచ్చారు. మగ్గం వేసే దేవాంగులు, సాలెవాళ్ళు వచ్చారు. అంగడి పెట్టుకున్న కోమట్లు, పంచాంగం చెప్పిన బ్రాహ్మలు వచ్చారు. తోలు పని చేసిన అరుంధతీయులు ఈనాటికీ ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. నీళ్ళు తోడే తోలు మోట, సిపాయి చెప్పులు, గుర్రం జీను వీళ్ళ చేతి పనే. చెప్పులు కుట్టినవాళ్ళే పెద్దవీధిలో చెప్పులు తొడుక్కుని నడవకూడదన్న కాలం అది. పైపంచె భుజం మీద ఉండాలా, తీసి చంకలో పెట్టుకోవాలా అన్నది ఎదుట ఎవరు వస్తున్నారన్నదాన్ని బట్టి ఉండేది. మన తాతల నాటికి కూడా ఉన్న సంగతే ఇది, కొన్ని ఊళ్ళల్లో తరువాత కూడా. వేషాల ప్రదర్శన పేరుతో బట్టల చరిత్ర చూపిస్తామంటే, ఎవరికి ఏ బట్ట కట్టుకోనివ్వలేదో అదీ చూపించాలి. పిల్లలకు అంత చెప్పాలా అని కొందరు అంటారు. చెప్పాలి. ఆ అరుంధతీయుల ఇంటి పిల్ల కూడా ఆ మహలు నడవలోనే నిలబడి చూస్తుంటుంది కదా.

బట్ట అంటే ఆ రోజుల్లో రాజ్యం పట్టించుకునే విషయం. మధురలో పట్టు నేసే సౌరాష్ట్రులు ఉన్నారు, పట్నూల్‌కారులు అని మన పెద్దలు అనేవాళ్ళు. వాళ్ళు జంధ్యం మార్చుకుని ఉపాకర్మ చేసుకోవడం మీద తగాదా వస్తే, రాణి మంగమ్మ పండితులను కూర్చోబెట్టి విచారించి, వాళ్ళకు అనుకూలంగా తాటాకు మీద తీర్పు ఇచ్చింది. అంతకు ముందు 1606లో మధురకు వచ్చిన రాబర్ట్ డి నోబిలి అనే ఇటలీ పాదిరి, తన నల్ల అంగీ విడిచి కావిబట్ట కట్టుకుని సన్యాసిలా తిరిగాడు. ఆయన తమిళం, తెలుగు, సంస్కృతం మూడూ నేర్చుకున్నాడు. ఆ బట్ట మార్పు మీద సొంత మతంవాళ్ళే ఆయనతో ఏళ్ళ తరబడి వాదించారు. ఒక పిల్లవాడికి డి నోబిలి కావిబట్ట, ఒక పిల్లకు మగ్గం ముందు కూర్చున్న సౌరాష్ట్ర నేతగత్తె వేషం, ఇంకొకరికి మోట తోలు భుజాన వేసుకున్న మనిషి వేషం ఇచ్చి చూడండి. పదిమంది రాజులకంటే మధుర బాగా కనిపిస్తుంది.

దీనికి ఎదురు మాటలు వస్తాయని తెలుసు. మాతో మొహం మీదే అన్నవాళ్ళూ ఉన్నారు.

మొదటిది, "పిల్లల సరదాకు ఇంత పంచాయితీ ఎందుకు?" అని. సరదా వద్దని మేం అనడం లేదు. దీపావళికో స్కూలు డేకో కిరీటం పెట్టుకోండి, మేమూ చప్పట్లు కొడతాం. కానీ అదే వేషం మహలులో, "చారిత్రక" అని బోర్డు పెట్టి, ఆ గోడల మధ్య నిలబెడితే అది సరదాగా మిగలదు. చూసినవాళ్ళు నిజమని నమ్ముతారు. తిరుమల నాయకుడు ముఖమల్ కోటు వేసుకున్నాడని ఒక తరం అనుకుంటుంది.

రెండోది, "చొక్కా లేని, బొజ్జ ఉన్న రాజును చూస్తే జనం నవ్వుతారు" అని. నవ్వనీయండి. నవ్వినవాడు "ఎందుకు ఇలా?" అని అడుగుతాడు. అప్పుడు పుదు మండపం చూపించవచ్చు. ఆ రోజుల్లో నిండైన బొజ్జ కలిగిన ఇంటి లక్షణం. పిల్లవాడికి సిగ్గుగా ఉంటే పలచటి బనీను తొడగండి. ఆడపిల్లలకు రైక ఎటూ తొడుగుతాం. అది నేటి వీలు కోసం చేర్చినదని పక్కన చిన్న చీటీ పెట్టండి, సరిపోతుంది.

మూడోది ఖర్చు. నిజానికి బాడుగ ముఖమల్ కంటే ఇదే చవక. తెల్ల నూలు పంచె ప్రతి ఇంట్లోనూ ఉంది. దట్టీకి ఒక సుంగుడి గుడ్డ చాలు. కుళ్ళాయికి గట్టి అట్ట మీద గుడ్డ చుట్టి కుట్టిస్తే అయిపోతుంది. గాజు పూసల హారాలు పుదు మండపం వీధుల్లోనే దొరుకుతాయి. మిగిలిన డబ్బుతో పిల్లలకు టిఫిను పెట్టించవచ్చు.

నాలుగోది ఎవరూ పైకి గట్టిగా అనరు, కానీ అందరి మనసులో ఉంటుంది. తమిళనాడులో మనల్ని "వందేరి" అనేవాళ్ళు, అంటే బయటి నుంచి వచ్చి చేరినవాళ్ళు అనేవాళ్ళు, ఉన్నారు. ఎన్నికలప్పుడు ఆ గొంతు ఇంకా పెద్దదవుతుంది. దానికి జవాబుగా మనవాళ్ళు కొందరు ఛాతీ విరిచి "మేం ఏలినవాళ్ళం" అంటారు. కిరీటం మీద మోజు అక్కడి నుంచే వస్తుందని మా అనుమానం. ఒకడు పొమ్మంటే, ఇంకొకడు సింహాసనం చూపిస్తున్నాడు. రెండు మాటలూ ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతాయి.

ఆ రాతి విగ్రహం ఈ ఇద్దరికీ జవాబు చెప్తుంది. కుళ్ళాయి మాట పారశీకం. పంచె ఈ నేల పత్తితో నేసిన బట్ట. ఈ ఊళ్ళో పట్టు నేసినవాళ్ళు గుజరాత్ వైపు నుంచి తరాల తరబడి నడిచి వచ్చి చేరినవాళ్ళు. పేరు తెలుగులోనూ తమిళంలోనూ రాశారు. దండం పెట్టింది పాండ్యుల ఇంటి ఆడబిడ్డ మీనాక్షమ్మకు. 1636లో కట్టిన ఆ మహలు కూడా అంతే. తోరణాలు చూస్తే నవాబుల కట్టడంలా ఉంటాయి, పైన సున్నంతో చేసిన యాళీలు చూస్తే గుడిలా ఉంటుంది. తిరుమల నాయకుడి మనవడు చొక్కనాథుడు అందులో చాలా భాగం విప్పించి తిరుచ్చికి తరలించాడు. మిగిలిన దాన్ని 19వ శతాబ్దంలో మద్రాసు గవర్నరు నేపియర్ బాగు చేయించాడు. తరువాత 1970 దాకా అందులో కోర్టులు నడిచాయి. ఇన్ని చేతులు పడిన ఇంట్లో నిలబడి "ఇది అచ్చంగా మాది" అనడమూ తప్పే, "మీకు ఇందులో ఏమీ లేదు" అనడమూ తప్పే. మన పెద్దలు ఇక్కడికి వచ్చి, ఇక్కడి నేతగాడి బట్ట కట్టుకుని, ఇక్కడి అమ్మవారికి దండం పెట్టి బతికారు. ఆ బట్టను ఉన్నది ఉన్నట్టు చూపిస్తే, వందేరి అన్నవాడికి అంతకంటే మర్యాదైన జవాబు లేదు.

చివరిగా, రాజుల బట్టలు రాతిలో ఉన్నాయి కాబట్టి ఎక్కడికీ పోవు. పోయేవి మన ఇంటి బట్టలు. నాయకుల కాలం నాటి చీర మనలో ఎవరి ఇంట్లోనూ ఉండదు. కానీ మన ముత్తవ్వల పెళ్ళి చీరలు, తాతల పైపంచెలు ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి, ఇంకా కొన్ని ఇళ్ళల్లో. వారానికి ఒకసారి వీధిలో "పాత పట్టుచీర, పాత జరీ కొంటాం" అని మైకు కట్టుకుని బండి వస్తుంది. అసలు జరీ అంటే పట్టు దారం మీద చుట్టిన వెండి తీగ, దాని మీద బంగారు పూత. ఆ చీర కాల్చి వెండి తీసుకుంటారు. వెండి ధర పెరిగిన కొద్దీ ఆ బండి ఎక్కువసార్లు వస్తుంది. నాలుగు వేలకు ఇచ్చేసిన చీరతోపాటు అంచు రకం పోతుంది, ఏ ఊరి మగ్గమో ఆ సంగతి పోతుంది, కట్టు తీరు పోతుంది.

కట్టు తీరు అన్నది మరీ తొందరగా పోతుంది. మా ఇంట్లో ఒక అవ్వ కుచ్చిళ్ళు వెనక్కి వచ్చేలా కట్టుకుంటుంది. ఫోనులో వీడియో తీస్తామంటే ముందు కసురుకుంది. "పాత గుడ్డకు బొమ్మ ఏమిటికిరా?" అంది. "నీ కట్టు మాకెవరికీ రాదు కదా అవ్వా" అంటే, ఒక నూలు చీర తెప్పించుకుని మెల్లగా కట్టి చూపించింది. కట్టుతూ ఒక మాట అంది: "కుచ్చిళ్ళు ముందర పెట్టుకుంటే చేలో వంగి కలుపు తీసేదెట్లా?" ఆ కట్టు ఎందుకు పుట్టిందో ఒక్క మాటలో తేలిపోయింది. ఆ మాట ఏ మ్యూజియం చీటీ మీదా ఉండదు.

అందుకని మా సలహాలు ఇవి. ఎవరికి ఏది వీలైతే అది చేయండి.

ప్రదర్శనకు నెల ముందు పిల్లలను పుదు మండపానికి, ఊంజల్ మండపానికి తీసుకుపోండి. ఫోటోలు వద్దు, కాగితం పెన్సిలు ఇచ్చి గీయమనండి. గీసేటప్పుడు కన్ను మడత మడతనూ చూస్తుంది. మంగమ్మ ఉన్న తముక్కం మహలు ఇప్పుడు గాంధీ మ్యూజియం, అదీ ఒకసారి చూపించండి. వేషం వేసిన ప్రతి పిల్ల మెడలో ఒక చీటీ కట్టండి. బట్ట పేరు తెలుగులోనూ తమిళంలోనూ రాయండి, ఏ విగ్రహం చూసి చేశామో రాయండి. ఊహించి చేసింది ఉంటే "ఇది ఊహ" అని రాయండి. రాజులు ఇద్దరు చాలు. మిగిలిన పదిమంది నేతవాళ్ళు, సిపాయిలు, దర్జీలు, నాట్యం చేసినవాళ్ళు, తోలుపనివాళ్ళు, పొలం పని ఆడవాళ్ళు కావాలి. ఎవరి పిల్లకు ఏ వేషం అన్నది కులం చూసి పంచకండి, చీటీలు వేసి తీయండి. కోమటి ఇంటి పిల్లవాడు మోట తోలు మోస్తే, అరుంధతీయుల ఇంటి పిల్ల మంగమ్మ అయితే, ఆ ఒక్కదానితోనే ప్రదర్శన జరిపినందుకు ఫలం దక్కినట్టే.

పాత చీరలు మాత్రం స్టేజీ మీద కట్టకండి. మడతల దగ్గర పట్టు ఎండిపోయి ఉంటుంది, ఒక్క పూట చెమటకే చిరుగుతుంది. వాటిని ఉతికిన నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. మూడు నాలుగు నెలలకు ఒకసారి మడత మార్చండి. కలరా ఉండలు జరీకి తగలకూడదు, నల్లబడుతుంది. ఎండిన వేపాకు చిన్న సంచిలో కట్టి పక్కన పెడితే చాలు. పగటి వెలుతురులో ఫోటో తీయండి: మొత్తం చీర, అంచు, కొంగు, వెనక వైపు. పక్కనే ఎవరి చీర, ఏ పెళ్ళిది, ఎక్కడ కొన్నది, ఎలా కట్టేవాళ్ళు అని నాలుగు ముక్కలు రాయండి. ఇంట్లో పెద్ద ఆడవాళ్ళ చేత కొత్త నూలు చీర మీద ఆ కట్టు కట్టించి వీడియో తీయండి. అది మాత్రం ఈ నెలలోనే చేయండి. చీర పెట్టెలో ఇంకో పదేళ్ళు ఉండగలదు, కట్టేవాళ్ళ సంగతి అలా చెప్పలేం.

మహలు సభల్లో మాట చెల్లే పెద్దలు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. వచ్చే ఏడాది ప్రదర్శనకు చందా అడగడానికి ఎవరైనా మీ ఇంటికి వస్తే, సంతోషంగా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఒక్క షరతు పెట్టండి: కిరీటాల బాడుగకు ఈ డబ్బు వాడకూడదు అని.